వెలిసిపోయిన రేవు

బుకిట్ పంజాంగ్, సింగపూర్
మార్చి 9, 2025

కాత్యాయనీ,

ఉత్తరం చూసి హడలిపోకు, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే కాసేపు నవ్వుకుని ఆ వెంటనే పోట్లాటకి దిగుతాం, నీకూ తెలుసు. కాగితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డు రాలేవు. అందుకని రాస్తున్నాను.

శుభవార్త! వెంకటేశ్వర రావు అంకుల్ షిప్పింగ్ ఆఫీసు మూసేసి రిటైరైపోయారు. నువ్వు సింగపూర్‌లో ఉన్నప్పుడు వేసిన తంజోంగ్ పగార్ రేవు బొమ్మలు అయిదూ ఆయనే కొన్నారు కదా, వాటిని ఇక్కడి ఒక గ్యాలరీకి ఇచ్చేశారు. ఆ రేవు ఇప్పుడు పడమటి కొసన తువాస్‌కి తరలిపోతోంది. క్రేన్లు ఊడదీస్తుంటే ఊరందరికీ ఉన్నట్టుండి దాని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఆగస్టులో ఎగ్జిబిషన్. నీ ఒక్కదానికే ఒక గది. నచ్చితే ఆ బొమ్మల్ని శాశ్వతంగా తమ సేకరణలో ఉంచుకుంటారట. ఇన్నేళ్ళుగా విశాఖలో స్కూలు పిల్లలకి కుండీలూ మామిడికాయలూ గియ్యడం నేర్పుతూ కూర్చున్నావు. ఇప్పటికైనా నీ రోజు వచ్చింది.

కేటలాగులో వ్యాసం నన్ను రాయమన్నారు. బొమ్మలు వెయ్యడం మానేశాక బొమ్మల గురించి రాసి పొట్ట పోసుకుంటున్నాను కదా! ఇంప్రెషనిస్టుల దగ్గర మొదలుపెట్టాను. అందరూ వాళ్ళ కళ్ళ గురించి, వెలుతురు గురించి రాస్తారు. నేను తగరపు ట్యూబు గురించి రాస్తున్నాను. అంతకు ముందు నూరిన రంగుని పంది తిత్తిలో పోసి మూతి కట్టేవాళ్ళు. సూదితో పొడిస్తే కారేది, మళ్ళీ మూసే దారి లేక ఎండిపోయేది. మూత తిప్పి బిగించే ట్యూబు వచ్చాకే రంగులు సంచిలో వేసుకుని ప్యారిస్ వీధుల్లోకి హాయిగా వెళ్ళగలిగారు. వెంట్రుకల్ని రేకు పట్టీతో నొక్కే పద్ధతి వచ్చాకే చదును బ్రష్షులు వచ్చాయి, ముక్కలుముక్కలుగా రంగు పెట్టడం వచ్చింది. ఇంతా చేసి వాళ్ళు వేసిందేమిటి? రైలు స్టేషన్లు, ఇనప వంతెనలు, గొట్టాల పొగ. బొమ్మలో ఉన్నదీ ఫ్యాక్టరీయే, బొమ్మ వేసిందీ ఫ్యాక్టరీ సరుకుతోనే. మనిద్దరం కార్‌పార్కు పైఅంతస్తులో పక్కపక్కన కూర్చుని క్రేన్లు వేసినప్పుడు చేసిందీ అదే పని. వ్యాసంలో అక్కడికి వస్తాను.

ఫోటోలు పెట్టాను. ఎగ్జిబిషన్‌కి 'బూడిద రేవు' అని పేరు పెట్టాడు అభిజిత్. గ్యాలరీ క్యురేటర్, మన హైదరాబాద్ అబ్బాయే. దేశం కాని దేశంలో ఒక ఆడమనిషి ఒంటరితనమంతా ఆ బూడిద రంగులో ఉందంటాడు. ఆ రోజుల గురించి నాలుగు మాటలు రాసి పంపు.

ప్రసన్నలక్ష్మి


ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం
మార్చి 24

ప్రసన్నా,

ఎవరిదే ఆ బూడిద?

ఫోటోలు చూసి ఎవరి బొమ్మలో పొరపాటున నాకు పంపావనుకున్నాను. మూలన నా సంతకం లేకపోతే నావని చచ్చినా ఒప్పుకునేదాన్ని కాదు. నా ఆకాశం ఏమైంది? నా నీళ్ళేమయ్యాయి? తడిసిన సిమెంటు గోడలా ఉన్నాయి అయిదూ.

నీకు గుర్తు లేదా? ఇండోనేషియాలో అడవులు తగలబెట్టిన పొగ ఊరంతా కమ్మేసింది. జనం ముక్కులకి గుడ్డలు కట్టుకుని ఇళ్ళలో కిటికీలు బిగించుకున్నారు. మనం పిచ్చివాళ్ళలా రంగుల సంచులు మోసుకుని ఆ కార్‌పార్కు పైకి ఎక్కేవాళ్ళం. సాయంత్రం పొద్దు ఆ పొగలోకి దిగేసరికి ఆకాశం, నీళ్ళు, కంటైనర్లు, క్రేన్ల కాళ్ళు, చివరికి నీ ముక్కు కూడా గులాబీ రంగే! శనివారం వస్తే చాలు, ఇంట్లో వంట కూడా ఎగ్గొట్టి పరిగెత్తేదాన్ని. నువ్వు కొబ్బరి జామ్ పూసిన కయా టోస్టు కట్టించుకుని వచ్చేదానివి. ఒకటే దగ్గు, ఒకటే నవ్వు. నా బతుకులో అంత సుఖంగా మళ్ళీ ఎప్పుడూ లేను.

దాన్ని ఒంటరితనం అంటాడా వాడు? పక్కన నువ్వు కూర్చుని ఉంటే నేను ఒంటరిదాన్ని ఎలా అవుతాను? ఏదో జరిగింది ఆ బొమ్మలకి. ఏం జరిగిందో కనుక్కో. కనుక్కుని ఆ అబ్బాయికి చెప్పు, అవి గులాబీ బొమ్మలని. ఆ పేరు తీసెయ్యమను. నా సంతోషాన్ని నా కళ్ళముందే బూడిద చేస్తే చూస్తూ ఊరుకోను.

నువ్వు కూడా అదే సాయంత్రం అక్కడే కూర్చుని, నా ట్యూబే పిండుకుని ఒకటి వేశావు కదా. అది తీసుకెళ్ళి నావాటి పక్కన పెట్టు. బొమ్మ ఎలా ఉన్నా పర్వాలేదు, దాన్నెవరూ పట్టించుకోరులే. రంగయితే కనపడుతుంది, అది చాలు నాకు.

కాత్యాయని


బుకిట్ పంజాంగ్, సింగపూర్
ఏప్రిల్ 13

కాత్యాయనీ,

కనుక్కున్నాను. నీ బొమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఎండ తినేసింది.

అంకుల్ ఆఫీసు పెట్టినప్పుడు విజయవాడ నుంచి వాస్తు సిద్ధాంతిని పిలిపించారట. నీళ్ళున్న బొమ్మలు ఈశాన్యంలో ఉండాలన్నాడు ఆయన. ఆ ఆఫీసులో ఈశాన్యం మూల రెండు పక్కలా నిలువెత్తు అద్దాలే. తగిలించడానికి గోడ లేకపోతే, అద్దాలకి ఎదురుగా ప్రత్యేకంగా చెక్క పలక నిలబెట్టించి అయిదింటినీ దాని మీద పెట్టించారు. అప్పటి నుంచి ప్రతి ఉదయం సూర్యుడు సరాసరి వాటి మొహం మీదికే. అంకుల్‌కి ఈ సంగతి చెబితే, "అయ్యో, శ్రద్ధగా పెట్టించానమ్మా, రోజూ దణ్ణం కూడా పెట్టుకునేవాణ్ణి" అన్నారు. ఆయన్ని ఏమంటాం?

గ్యాలరీలో రంగులు పరీక్షించే ఆవిడ చెప్పింది. మనం చవకలో వస్తోందని కొన్న ఆ గులాబీ ట్యూబులో ఉన్నది ఇయోసిన్ అనే అద్దకం రంగట. వెలుతురు పడితే చచ్చిపోతుందట. ఫ్రేములున్నా బాగుండేది, అంచు కింద కాస్త రంగు మిగిలేది. నువ్వు ఫ్రేములు కట్టనివ్వలేదు.

ప్యారిస్ వాళ్ళకీ ఇదే గతి పట్టింది. బొగ్గు తారులోంచి కొత్తకొత్త రంగులు తీస్తున్న రోజులవి. ఎంత ముచ్చటగా ఉందని పూసుకున్నారు. తర్వాత ఊదారంగు నీలమైపోయింది, గులాబీలు తెల్లబడ్డాయి. జనం అదే వాళ్ళు వేసిందనుకుని మెచ్చుకుంటున్నారు. వాళ్ళ బొమ్మల్లో పొగా బొగ్గుదే, ఆ పొగ మీద మెరిసిన రంగూ బొగ్గుదే. రంగు ముందు పోయింది, పొగ మిగిలింది.

అభిజిత్‌కి అంతా చెప్పాను. "ఆంటీ, నేను నమ్ముతాను, కమిటీ నమ్మాలి కదా" అన్నాడు. ఆధారం ఏమీ లేకుండా రంగు పోయిందంటే అవి పాడైన సరుకు కింద లెక్క, సేకరణలోకి తీసుకోరట. అదే సమయంలో వేసిన బొమ్మ ఒకటి రంగు చెడకుండా పక్కన ఉంటే మాత్రం కథే మారిపోతుందన్నాడు. గది పేరు మారుస్తాడట, రంగు పోయిన సంగతే గోడ మీద రాయిస్తాడట, అయిదూ తీసుకుంటారట. ఆధారం లేకపోతే బూడిదే.

నా బొమ్మ లేదు. ఈ ఫ్లాట్‌కి మారినప్పుడు, పై అంతస్తుల నుంచి చెత్త కిందికి జారవిడిచే గొట్టంలో వేసేశాను.

ఎందుకు వేశావని అడుగుతావేమో. అంకుల్ నీ బొమ్మలు కొన్న రోజు ఆయన ఇంటికి ఇద్దరం బొమ్మలు పట్టుకెళ్ళాం. ఆయన నాది చేతిలోకి తీసుకుని, "ఇది కూడా బాగుందే" అన్నారు. నేను నోరు తెరిచేలోపు నువ్వందుకున్నావు. "మా ప్రసన్న సరదాకి వేస్తుందండీ, దాని చెయ్యి వంటకి మంచిది" అన్నావు. అంతా నవ్వారు. ఆయన నా బొమ్మ కింద పెట్టేశారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి బ్రష్షులు కడిగి ఆరబెట్టాను, మళ్ళీ ముట్టుకోలేదు. ఇప్పుడు అదే బొమ్మ కావాలా నీకు, నీ రంగుకి సాక్ష్యం చెప్పడానికి?

ప్రసన్నలక్ష్మి


ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం
మే 2

ప్రసన్నా,

అమ్మా తల్లీ, ఏదో మాటవరసకి అన్నదాన్ని ఇన్నాళ్ళూ మూటగట్టుకుని కూర్చున్నావా? బొమ్మలు వేసే మనిషి ఒక్క మాటకి మానేస్తుందా? మా ఇంట్లో నన్నెన్ని అన్నారో నీకు తెలియదా? ఏడుస్తూ కూడా వేశాను. నువ్వు మానేశావంటే మానెయ్యాలని నీకే ఉంది. దాన్ని నా నెత్తిన రుద్దకు.

చెత్తగొట్టంలో వేసేశావు సరే, నీ ఇష్టం. నాకు సాక్ష్యాలు అక్కర్లేదు. నోరుంది. టికెట్ కొంటున్నాను. ప్రారంభం రోజున మైకు నా చేతికి ఇస్తారు కదా, అక్కడ అందరి ముందూ చెబుతాను. ఇది బూడిద కాదు, గులాబీ, నేను ఆ రోజుల్లో ఒంటరిగా లేను, నా పక్కన నా ప్రసన్న ఉంది, ఇద్దరం దగ్గుతూ నవ్వుతూ వేశాం అని చెబుతాను. కమిటీ తీసుకుంటే తీసుకుంది, లేకపోతే లేదు. ఇన్నాళ్ళూ తీసుకోకపోతే బతకలేదా? అబద్ధం చెప్పి గోడెక్కేదాన్ని కాదు నేను.

నీ ఇంట్లోనే దిగుతాను. ఈ ఉత్తరాల గొడవ మనసులో పెట్టుకోకుండా ఎయిర్‌పోర్టుకి రా. మీ అమ్మాయి కీర్తికకి ఏం కావాలో అడిగి రాయి, బందరు లడ్డూ ఇంకా తింటుందా?

కాత్యాయని


బుకిట్ పంజాంగ్, సింగపూర్
ఆగస్టు 24

కాత్యాయనీ,

చెప్పకుండా వెళ్ళిపోయావు. తెల్లారి లేచి చూస్తే గదిలో పక్కబట్టలు మడతపెట్టి ఉన్నాయి, నువ్వు లేవు. టాక్సీ పిలుచుకున్నావని కింద సెక్యూరిటీ చెబితే తెలిసింది. మూడు రోజులు నా ఇంట్లో తిని, నా కూతురికి తల దువ్వి, ఒక్క మాట చెప్పకుండా ఎలా వెళ్ళావే?

నేను నీకు ఒక అబద్ధం రాశాను. ఆ బొమ్మని పారెయ్యలేదు. ఇక్కడి ఫ్లాట్లలో ఇనప తలుపుతో కిటికీ లేని బాంబ్ షెల్టర్ ఒకటుంటుంది కదా, అందరూ బియ్యం బస్తాలూ సూట్‌కేసులూ పెట్టుకునే గది. అందులో గోడకి మొహం తిప్పి పెట్టాను. చూడలేక అలా పెట్టాను. వెలుతురు పడక రంగు కాస్త కూడా చెడలేదు. సిగ్గుపడి దాచుకుంటే, ఆ సిగ్గే దాన్ని కాపాడింది. నవ్వొస్తోందా?

నీ మే నెల ఉత్తరం చదివి చాలా రోజులు మండిపడ్డాను. తర్వాత "నా పక్కన నా ప్రసన్న ఉంది" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అంత గొప్ప ముహూర్తంలో, అంతమంది ముందు అది చెబుతుందట, నేనింకా పాత మాట పట్టుకుని వేలాడడమేమిటి అనుకున్నాను. ప్రారంభం రోజు నువ్వు ముందు వెళ్ళావు గుర్తుందా, నాకు తలనొప్పి అన్నాను. అబద్ధం. షెల్టర్‌లోంచి బొమ్మ తీసి దుప్పటి చుట్టి ట్రైన్‌లో పట్టుకొచ్చాను. వెనక వరసలో కూర్చున్నాను, బొమ్మ ఒళ్ళో పెట్టుకుని. నువ్వు మైకు పట్టుకుని 'కాదు, గులాబీ' అనగానే లేచి దుప్పటి తీద్దామని.

ఆ పత్రికమ్మాయి అడిగింది. "ఆ రోజుల్లో మీరు సింగపూర్‌లో చాలా ఒంటరిగా ఉండేవారా?"

నువ్వు మైకు దగ్గరికి జరుపుకున్నావు. "అవును, చాలా" అన్నావు.

చప్పట్లు. నా పక్కావిడ కళ్ళు తుడుచుకుంది. నేను దుప్పటి ఇంకా గట్టిగా చుట్టుకుని బయటికి వచ్చేశాను.

ఇంటికొచ్చే దారంతా నిన్ను వెనకేసుకొచ్చాను తెలుసా? పాపం, సాక్ష్యం లేదు కదా, అంతమందిలో బెదిరిపోయింది, నేను అబద్ధం రాయకుండా ఉంటే ఇలా అయ్యేది కాదు అని నన్ను నేనే తిట్టుకున్నాను. నీకు చెబుదామంటే నువ్వు వచ్చీ రాగానే పడుకున్నావు. తెల్లారేసరికి లేవు.

ఆ మధ్యాహ్నం కీర్తిక తన సింగపూర్ యాసలో నోరు జారింది. "మమ్మీ, ఆంటీకి ఆ పింక్ పెయింటింగ్ చాలా నచ్చింది లా. మొన్న నువ్వు టెక్కా మార్కెట్‌కి వెళ్ళినప్పుడు లగేజ్ పెట్టడానికి బాంబ్ షెల్టర్ ఓపెన్ చేశాను, అప్పుడు చూశారు. ఎంతసేపు చూశారో! నీకు చెప్పొద్దన్నారు" అంది.

అంటే ప్రారంభానికి ముందు రోజే నువ్వు చూశావు. గులాబీ ఉందని తెలుసు. అడిగితే నేనిస్తానని తెలుసు. పక్కన పెడితే గది పేరు మారుతుంది, నీ అయిదు బొమ్మలూ సేకరణలోకి వెళతాయి, నీ మాట నిలబడుతుంది. నీకు పోయేదేమీ లేదు. అయినా అవునన్నావు.

ఎందుకు?

ప్రసన్నలక్ష్మి


ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం
సెప్టెంబరు 11

ప్రసన్నా,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. వేరే ఎవరికీ చెప్పను.

కీర్తిక లైటు వేసి, సూట్‌కేసు పెట్టడానికి చోటు చేస్తూ దాన్ని ఇటు తిప్పింది. ముందు ఏడుపొచ్చింది. నా గులాబీ! నేను పిచ్చిదాన్ని కాదు, కల కనలేదు, నిజంగానే అలా ఉండేదని ఇనప తలుపు పట్టుకుని ఏడ్చాను. నీ బొమ్మలో ఒక మూల నేను కూడా ఉన్నాను. వెనక్కి తిరిగి నీతో ఏదో అంటూ నవ్వుతున్నాను. నువ్వు నన్ను వేశావని నాకెప్పుడూ చెప్పలేదు. అంత అందంగా నన్ను ఇంకెవరూ చూడలేదు.

ఏడుపు ఆగాక మళ్ళీ చూశాను. ఈసారి బొమ్మలు వేసేదానిలా చూశాను. నీ నీళ్ళు కదులుతున్నాయి. నావి అప్పుడు కూడా కదల్లేదు. నేను పొగని పొగలా వేశాను, నువ్వు పొగ అవతల ఏముందో అది వేశావు. అదే ట్యూబు, అదే కార్‌పార్కు, అదే పూట. అంకుల్ దాన్ని చేతిలోకి తీసుకున్న రోజు నాకు తెలుసో లేదో ఇప్పుడు అడగొద్దు.

దాన్ని నావాటి పక్కన పెడితే ఏమవుతుంది? జనం సాక్ష్యం చూడరు, బొమ్మ చూస్తారు. ఆ గదిలో అయిదు బొమ్మలు నావి, ఒకటి నీది. అందరూ నీ దాని ముందు నిలబడతారు. నేను ఇన్నేళ్ళు కాచుకున్న గది నీదైపోతుంది. వేదిక మీద అదే మెదిలింది. నోరు తెరిచేసరికి అవునన్న మాటే వచ్చింది. నా సంతోషం కంటే నా గోడే నాకు ఎక్కువైంది. నువ్వు వెనక వరసలో ఉన్నావని తెలిసి ఉంటే? ఏమో. అప్పుడూ అదే అనేదాన్నేమో.

అయిదూ తీసుకున్నారు. గది పేరు బూడిద రేవే. ఇంకో ఆరు వేసివ్వమని అభిజిత్ అడిగాడు, ఆ రంగులోనే. నిన్నటి నుంచి తెలుపులో నలుపు కలుపుతున్నాను. చెయ్యి బాగానే వస్తోంది. అసహ్యం వేస్తోంది, వేస్తున్నాను.

సిగ్గు విడిచి ఒకటి అడుగుతున్నాను. నీ బొమ్మని బయటికి తియ్యకు. నేను బతికున్నంత వరకు ఎవరికీ చూపించకు. తిట్టు, ఉమ్మెయ్యి, కానీ తియ్యకు.

కాత్యాయని


బుకిట్ పంజాంగ్, సింగపూర్
సెప్టెంబరు 28

కాత్యాయనీ,

తియ్యను.

నువ్వు అడిగావని కాదు. తీస్తే ఆ సాయంత్రాల్లో మనిద్దరం ఎలా ఉండేవాళ్ళమో అందరూ చూస్తారు. అంతమందిలో నువ్వు కాదన్నదాన్ని నేను ఊరంతా తిప్పి చూపించుకోను. ఆ బొమ్మలో నవ్వుతున్న మనిషిని నేనే చూసుకుంటాను.

నేను బాగా వేస్తానని నీ నోట ఒక్కసారి వినాలని ఇన్నేళ్ళూ ఎదురుచూశాను. వింటే చాలు, గాల్లో తేలిపోతాననుకున్నాను. ఇప్పుడు చెప్పావు, కాగితం మీద, ఎవరికీ చూపించొద్దని బతిమాలుతూ. వంటింట్లో నిలబడి రెండుసార్లు చదివాను. కాస్త సంతోషమైనా వస్తుందేమోనని ఆగి చూశాను. రాలేదు.

ఇక నాకు రాయకు.

ప్రసన్నలక్ష్మి